‘లేదు’ అని రాసిన కంప్యూటరు

మా క్వార్టర్ల లైనులో ఫస్ట్ షిఫ్టు వాళ్ళు డ్యూటీకి వెళ్ళిపోయి, పాల ప్యాకెట్లవాడు వచ్చే వేళకు ఒక తమాషా జరిగేది. తమాషా అని నేనంటున్నది చూసేవాళ్ళ మొహాలను బట్టి. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే వదిన తన వాకిట్లో సిమెంటు గద్దె మీద కూర్చుని టీబీ మాత్రలు మింగేది. ఎదురుగా, కొంచెం దూరంగా, మాస్కు కట్టుకుని ఒక మందుల సూపర్‌వైజరు నిలబడేవాడు. మింగడం అయ్యాక “నోరు తెరువు” అనేవాడు. తెరిచేది. “నాలుక ఎత్తు” అనేవాడు. ఎత్తేది. అతను మెడ వంచి నాలుక కిందికి, బుగ్గల్లోకి చూసి, ఫోనులో ఏదో నొక్కి బండెక్కేవాడు. లైనులో సగం మంది పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని ఆ నోట్లోకే చూస్తూ ఉండేవాళ్ళు.

పెళ్ళీడు కొడుకున్న మనిషి. బడికి పోయే పిల్లల ముందు నాలుక ఎత్తి చూపించాలి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మండటానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ తమాషా మొదలైంది మా ల్యాబు నుంచి వెళ్ళిన ఒక రిపోర్టు వల్ల. ఆ రిపోర్టు రాసిన కంప్యూటరును సిద్ధం చేసింది నేను.

వదిన అంటే రక్తసంబంధం ఏమీ లేదు. గోదావరిఖనిలో మా లైనులో పుట్టి పెరిగిన పిల్లలందరికీ ఆమె వదినే. అన్న పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. బొగ్గుబాయి పైన లాంపు రూములో డ్యూటీ. దిగేవాళ్ళకు టోపీ లాంపు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. నోరున్న మనిషే. లాంపు బెల్టు లాగి పారేసే కుర్రాళ్ళను “మీ అవ్వ ఇంట్ల గిట్లనే ఇసిరేస్తవా బిడ్డా” అని అడిగేదట. ఆ నోరు టీబీ వచ్చాక తగ్గింది. ఈ రిపోర్టు వచ్చాక పూర్తిగా పడిపోయింది.

అసలు గొడవ ఇది. ఆమె నెలల తరబడి మందు వాడినా జబ్బు తగ్గలేదు. దగ్గు అలాగే ఉంది, ఒంటికి కండ పట్టలేదు, కఫంలో క్రిమి పోలేదు. దీనికి రెండే కారణాలుండాలి. ఆ క్రిమి మందుకు లొంగని రకమైనా కావాలి, ఈమె మందు మింగకుండా పారేస్తూ అయినా ఉండాలి. మొదటిదైతే మందు మార్చాలి. రెండోదైతే మనిషిని మార్చాలి. అది తేల్చే బాధ్యత మా ల్యాబుది. క్రిమి డీఎన్‌ఏ చదివి, ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో చెప్పాలి. అంటే ఆమె ప్రాణమూ, ఆమె మాటా, రెండూ మా నల్ల తెర మీదికి వచ్చాయి.

నల్ల తెర అంటే కమాండ్ లైను. మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కే పని కాదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో మనమే ఒక్కో ఆజ్ఞా కొట్టాలి. ఒక చుక్క పక్కకు జరిగితే అది మొహం తిప్పుకుంటుంది. మా ల్యాబు ఒక ట్రస్టు నడిపే చిన్న ల్యాబు. మందమర్రి నుంచి బసంత్‌నగర్ దాకా చుట్టుపక్కల రోగుల నమూనాలు పెద్ద ల్యాబులో ముందుగా పెంచి, చంపి, డీఎన్‌ఏ మాత్రం చిన్న గొట్టాల్లో మాకు పంపేవాళ్ళు. అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి దాన్ని చదివేది. చదివినదాన్ని అర్థం చేసుకునే సాఫ్ట్‌వేరును మాత్రం మేమే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. దానికోసం పట్నంలోని ప్రాజెక్టు ఆఫీసు మాకు వీడియోలో ట్రైనింగు ఇచ్చింది.

ఆ ట్రైనింగు ఇచ్చిన అబ్బాయి నోట్లో ఒకటే మాట. సింపుల్. “చాలా సింపుల్ మేడమ్, ఈ ఒక్క లైను కొట్టండి చాలు.” ఆ ఒక్క లైను కొడితే నలభై తప్పులు ఎర్రటి అక్షరాలతో వచ్చి పడేవి. ఒక సాఫ్ట్‌వేరుకు పాత రకం భాష కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి. రెండూ ఒకే కంప్యూటరులో ఉంటే ఒకదాని గిన్నె ఇంకోటి బోర్లిస్తుంది, పడని తోడికోడళ్ళలాగా. అందుకని ఒక్కోదానికీ వేరు కుంపటి పెట్టాలి. ఈ సంగతి సింపుల్ గారు ముందే చెప్పొచ్చు కదా? చెప్పడు. రెండు వారాలు నేను తల బద్దలు కొట్టుకున్నాక, “ఓ, అదా మేడమ్, అది అందరికీ తెలిసిందే కదా” అన్నాడు.

అందరికీ తెలిసిన సంగతి అని ఈ ప్రపంచంలో ఎవరైనా అన్నప్పుడల్లా ఆ అందరిలో ఖనివాళ్ళు లేరని నాకు అర్థమవుతుంది. ఒకసారి కంప్యూటరు ఆగాగి నడుస్తోందని ఫోను చేస్తే “మీ బొగ్గు దుమ్మేమో చూడండి మేడమ్” అని నవ్వాడు. అతను మా దుమ్ము చూసి నవ్వుతున్నప్పుడు అతని ఆఫీసులో ఏసీ నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ కరెంటు ఎక్కడి బొగ్గుతో పుడుతుందో అడగాలని నాలుక దాకా వచ్చింది. అడగలేదు. కాంట్రాక్టు ఉద్యోగం.

అన్నీ ఎక్కించాక చివరికి మిగిలింది ఒక ఫైలు. ఫలానా చోట ఫలానా మార్పు ఉంటే ఫలానా మందు పనిచేయదు అని వరసగా చెప్పే పట్టిక అది. సాఫ్ట్‌వేరు ఎంత తెలివైనదైనా ఆ పట్టిక లేకపోతే గుడ్డిదే. దాన్ని నెట్ నుంచి దించడానికి కూడా పట్నంవాళ్ళు ఒక ఆజ్ఞ రాసి పంపారు. నేను మధ్యాహ్నం అన్నం తిని వచ్చి ఆ లైను కొట్టాను.

మా ల్యాబు ఉన్న బిల్డింగుకు ఓపెన్‌కాస్టు గని దగ్గర. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, ఆ తర్వాత బ్లాస్టింగు. గోడలు ఒకసారి వణికి ఊరుకుంటాయి, గాజు సామాన్లు గలగలమంటాయి. ఇది మాకు కొత్త కాదు. చంటిపిల్లలు కూడా నిద్ర లేవరు. అయితే మా బిల్డింగులో ఒక ఆనవాయితీ ఉంది. ఎప్పుడో నేను రాకముందు బ్లాస్టింగుకు ట్యూబులైటు ఊడిపడి వైర్లు నిప్పులు చిమ్మాయట. అప్పటి నుంచి సైరన్ మోగగానే వాచ్‌మన్ కాక మెయిన్ స్విచ్ దించేస్తాడు. అందరం బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడతాం. టీ తాగుతాం, కోడళ్ళ మీద చెప్పుకుంటాం. బాంబు పేలాక కాక స్విచ్ ఎక్కిస్తాడు, మళ్ళీ లోపలికి. కంప్యూటరుకు బ్యాటరీ ఉంది కనుక అది ఆగదు. నెట్ డబ్బాకు మాత్రం బ్యాటరీ లేదు. దానికి కూడా కావాలని రాస్తే “తర్వాత చూద్దాం” అన్నారు. ఆ తర్వాత అన్నది ఇంతవరకు రాలేదు.

ఆ రోజు కూడా సైరన్ మోగింది, నెట్ పోయింది, మేం వేపచెట్టు కిందికి వెళ్ళాం. తిరిగి వచ్చి చూస్తే దిగడం ఆగిపోయి ఉంది. ట్రైనింగులో చెప్పారు, మధ్యలో ఏం ఆగినా అదే ఆజ్ఞ మళ్ళీ కొట్టండి, మిగతాది అదే చూసుకుంటుంది అని. మళ్ళీ కొట్టాను. ఫైలు ఉంది అన్నది. సెటప్ పూర్తయింది అన్నది. అది కూడా ఆకుపచ్చ అక్షరాల్లో. అన్ని రోజులు ఎర్ర అక్షరాలు చూసినదాన్ని, ఆ ఆకుపచ్చ చూసి కళ్ళకు అద్దుకోవడం ఒక్కటే తక్కువ.

పట్నంవాళ్ళు ఒక ట్రయల్ నమూనా పంపారు. దాంట్లో క్రిమి ఏ మందుకు లొంగదో వాళ్ళకు ముందే తెలుసు. మా కంప్యూటరు ఆ మందు పేరు కరెక్టుగా చెప్పింది. వీడియోలో చప్పట్లు కొట్టారు. జిల్లాలో ఇలాంటి ల్యాబు రావడం గర్వకారణం అన్నారు. మా అమ్మ ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇది దేవుడు నాకు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. అప్పుడు వదిన వెనక బెంచీలో ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గుతుందని ఎవరూ పక్కన కూర్చోరు.

కొన్ని వారాలకు ఆమె నమూనా వచ్చింది. నంబరు తప్ప పేరుండదు కనుక ఎవరిదో నాకు తెలియదు. రిపోర్టులో మందులన్నీ ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని ఎదురుగా ఒకటే మాట. లొంగని మార్పు: లేదు. లేదు. లేదు. అంత శుభ్రమైన రిపోర్టు అరుదు. ఎవరో అదృష్టవంతులు అనుకుని పంపించాను.

మరునాడు పొద్దున సూపర్‌వైజరు ఆ కాగితంతో మా లైనుకు వచ్చాడు. ట్రస్టులో టీబీ రోగుల మందులు చూసేది అతనే. వదిన వాకిట్లో నిలబడి, లోపలికి వెళ్ళి చెప్పొచ్చు కదా, చెప్పలేదు, లైనంతా వినేట్టు చదివాడు.

“గిదేంది చూడు. కంప్యూటర్ రిపోర్టు. నీ ఒంట్ల ఉన్న పురుగుకు అన్ని మందులు పని చేస్తయ్. మరి ఎందుకు తగ్గలే? మాత్రలు యాడ పారబోస్తున్నవ్, మోరీలనా?”

“ఒక్కటి ఇడిచిపెట్టలే సార్. దేవుని తోడు.”

“దేవుణ్ణి ఎందుకు నడుమ తెస్తవ్? మిషిను అబద్ధం చెప్తదా?”

నేను అప్పుడు మా ఇంటి గడపలో తల దువ్వుకుంటున్నాను. అతని చేతిలోని కాగితం మీద మా ల్యాబు ముద్ర కనిపించింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

ఆ పొద్దున నుంచే నోరు తెరిపించడం మొదలైంది. లైనులో మాటలు కూడా. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. జబ్బు సెలవు మీద ఇంట్లో కూర్చోవడం అలవాటైందన్నారు. వదిన ఇంటి ముందు మురుగు పారే మోరీలో ఒకామె కర్రతో కెలికి చూసింది, మాత్రలు దొరుకుతాయేమోనని. దొరకలేదు. దొరకకపోవడం కూడా ఆమె తెలివికే సాక్ష్యమైంది. చర్చిలో స్త్రీల సమాజం పెద్దావిడ, అంతకుముందు జావ కాచి పంపేది, “దేవుడు మందిచ్చిండు, మింగే బుద్ధి కూడ ఇయ్యాలె” అని అందరి ముందే ప్రార్థన చేసింది. మనిషిని తిట్టాలంటే కళ్ళు మూసుకుని దేవుడితో చెప్పడం కన్నా మంచి పద్ధతి ఇంకోటి లేదు.

వదిన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు, మాస్కు తీయలేదు, వాకిట్లోనే నిలబడింది. చేతిలో బియ్యం సంచి. దాన్ని మా వాకిటి గద్దె మీద బోర్లిస్తే ఖాళీ మాత్రల స్ట్రిప్పులు గలగలా రాలాయి. మొదటి రోజు నుంచి దాచిపెట్టింది. ఒక్కోదానిలో ఒక్కో గుంతా ఖాళీ.

“నువ్వు సదువుకున్నదానివి చెల్లె. నువ్వే జెప్పు. ఇవన్ని నేను మోరీల పారబోస్తే స్ట్రిప్పు ఎందుకు దాచుకుంట?”

“సూపర్‌వైజర్‌కు చూపించినవా?”

“చూపించిన. స్ట్రిప్పులు ఎవలైన ఖాళీ చేస్తరన్నడు. లాంపు రూముల నేను ఎవ్వలకు వెలుగుతలేని లాంపు ఇయ్యలే ఇన్నేండ్లు. నా మాటకు గంత విలువ లేదా?” అంది.

సంచి ఎత్తడానికి వంగితే దగ్గు వచ్చి కూలబడింది. నేను స్ట్రిప్పులు ఏరి సంచిలో వేశాను. అవి తేలికగా ఉన్నాయి, ఆమె చేతులూ అంతే తేలికగా ఉన్నాయి. ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదని నాకు ఆ గద్దె దగ్గర తెలిసిపోయింది. మరి అబద్ధం చెప్తున్నది ఎవరు? మిగిలింది మా కంప్యూటరే.

మర్నాడు ఆ సాఫ్ట్‌వేరునంతా మళ్ళీ తిరగేశాను. అన్నీ సరిగ్గానే నడుస్తున్నాయి. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. పట్నానికి ఫోను చేస్తే “ట్రయల్ పాసయింది కదా మేడమ్, పేషెంట్లు అలాగే అంటారు” అన్నాడు సింపుల్ గారు. పేషెంట్లు అలాగే అంటారట! ఇతను ఎంతమంది పేషెంట్లను చూశాడో! ఫోను పెట్టేసిన విసురుకు టేబులు మీది పెన్నులు దొర్లాయి.

ఆ మధ్యాహ్నం సైరన్ మోగింది. కాక స్విచ్ దించాడు. అందరితో పాటు వేపచెట్టు కింద నిలబడ్డాను. కాక టీ గ్లాసు నా చేతికిస్తూ, “ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? మల్ల గా డౌన్‌లోడ్ ఆగిందా ఏంది? అప్పుడు గూడ గిట్లనే నన్ను తిట్టినవ్ గదా” అని నవ్వాడు.

తిట్టిన మాట నిజమే. పట్టిక దిగుతున్న రోజు, మధ్యలో స్విచ్ దించాడని కాకను ఆ చెట్టు కిందే సణిగాను. అది గుర్తుకు రాగానే టీ గ్లాసు కాక చేతిలోనే పెట్టేశాను. మధ్యలో ఆగిన ఫైలు. మళ్ళీ కొడితే ‘ఫైలు ఉంది’ అన్నది. ఉంది సరే, ఎంత ఉంది?

కరెంటు వచ్చేదాకా ఆగడం నావల్ల కాలేదు. బ్యాటరీ మీద కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది కదా. బ్లాస్టింగు కాకముందే లోపలికి పరుగెత్తాను. “ఆగు పిల్లా, ఇంక పేలలే!” అని కాక వెనక అరుస్తున్నాడు. చీకటి గదిలో ఆ తెర ముందు నిలబడి, ఆ పట్టిక చివరి లైన్లు చూపించమని కొట్టాను. చూపించింది. చివరి లైను ఒక మాట మధ్యలో తెగిపోయి ఉంది. సగం అక్షరాలు, ఆ తర్వాత ఏమీ లేదు. అప్పుడే బాంబు పేలింది. కిటికీ అద్దాలు వణికాయి, అరలో గాజు గొట్టాలు మోగాయి.

పట్టిక సగమే దిగింది. ఆ సగంలో ఉన్న మందుల సంగతి సరిగ్గానే చెప్తోంది. ట్రయల్ నమూనాలో ఉన్న మార్పు ఆ పై సగంలోనే ఉంది కాబట్టి పాసయింది. కింది సగంలో ఉండాల్సిన మందుల గురించి కంప్యూటరుకు ఏమీ తెలియదు. తెలియదు అని రాసిందా? లేదు. ‘లేదు’ అని రాసింది.

నా కోపం అంతా అక్కడే. చూసి లేదనడం వేరు, చూడకుండా లేదనడం వేరు. ఈ తేడా తెలియని మనిషిని మా ఊళ్ళో బాయిలోకి కూడా దింపరు. మా నాన్న గనిలో సర్దారు. ప్రతి షిఫ్టుకూ కూలీల కన్నా ముందు దిగి పైకప్పు కర్రతో తట్టి, చప్పుడు విని, గాలి చూసి, బాగుంటేనే మనుషుల్ని పంపేవాడు. చూడటానికి వీలుకాని చోటు ఏదైనా ఉంటే దాని మొదట్లో రెండు కర్రలు అడ్డంగా కట్టించేవాడు. అంటే అక్కడ ప్రమాదం ఉందని కాదు, చూడలేదని. ఆ కర్రలు దాటి ఎవరూ పోరు. ఇంత చదువు చదివి, ఇన్ని సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్ళకు ఆ రెండు అడ్డకర్రలు కట్టాలని తోచలేదు. ఫైలు ఉందా లేదా అని ఒక లైను రాశారు, పూర్తిగా ఉందా అని ఇంకో లైను రాయడానికి చేతులు రాలేదు. సైరనుకు నెట్ పోయే ఊరు ఒకటి ఉంటుందని వాళ్ళ ఊహకు అందలేదు.

తెగిన ఫైలు చెరిపేసి, మర్నాడు పొద్దున్నే, సైరనుకు చాలా ముందు, పట్టిక మొత్తం దించాను. చివరి లైను దాకా కళ్ళతో చూశాను. అప్పుడు, సూపర్‌వైజరు తెచ్చిన కాగితం మీది నంబరు పట్టుకుని, వదిన నమూనా మళ్ళీ నడిపించాను. మందులు వరసగా వచ్చాయి. రోజూ మింగే వాటిలో ముఖ్యమైన ఒక మందు ఎదురుగా ‘లేదు’ లేదు. లొంగదు అని ఉంది. ఆమె ఇన్ని నెలలు వేళ తప్పకుండా, స్ట్రిప్పులు దాచుకుంటూ మింగిన మాత్రల్లో ఒకటి ఆ క్రిమిని ఏమీ చేయలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చాను. సంతోషమని చెప్పలేను. కోపంతో కూడా ఏడుపు వస్తుంది.

ట్రస్టులో టీబీ రోగులను చూసే డాక్టరమ్మ దగ్గరికి ఆ రిపోర్టు నేనే తీసుకెళ్ళాను. ఆవిడ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది. “ఇంకా ఎంతమందికి వెళ్ళాయి ఇలాంటివి?” అని అడిగింది. అందరి నమూనాలూ మళ్ళీ నడిపిస్తున్నానని చెప్పాను. వదినకు మందు మార్చి రాసింది.

పట్నంవాళ్ళకు చెప్తే మొదట “మీ వైపు నెట్ సమస్య” అన్నారు. ఆడలేక మద్దెల ఓడు. ఫైలు పూర్తిగా ఉందో లేదో చూసే లైను నేనే రాసి పంపాను. దాంతో పాటు ఇంకోటి అడిగాను. పట్టికలో లేని మందు ఎదురుగా ‘లేదు’ అని రాయొద్దు, ‘చూడలేదు’ అని రాయాలి అన్నాను. మీటింగు పెట్టారు. రిపోర్టులో ‘చూడలేదు’ అని ఉంటే చూసేవాళ్ళకు బాగుండదన్నారు. పేషెంట్లు కంగారు పడతారన్నారు. పేషెంటు నాలుక ఎత్తించినప్పుడు లేని కంగారు ఇప్పుడు వచ్చింది. మా ల్యాబు కంప్యూటరులో మాత్రం నేను ఆ మాట రాసేశాను. ఎవరినీ అడగలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

ఇంకో పని మిగిలింది. ట్రస్టు ఆఫీసు కొత్త రిపోర్టు మీద ‘సవరించినది’ అని ముద్ర కొట్టి కవరులో పెట్టి సూపర్‌వైజరుకు ఇచ్చింది. అంతే. అతను ఫోనులో నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. “మీ వదినకు కవర్ ఇంటికి పంపిస్త మేడమ్, కొత్త మందు కూడ. ఫికర్ చెయ్యకున్రి” అన్నాడు.

“పంపుడు కాదు సార్. మీరే రావాలె. ఆమెను యాడ కూసోబెట్టి చదివిండ్రో ఆడ నిలబడి చదవాలె. పాల టైముకు.”

“గదంతెందుకు మేడమ్?”

“రాకపోతే నేను చదువుత. మీ పేరు గూడ కలిపి.”

వచ్చాడు. ఫస్ట్ షిఫ్టు వెళ్ళిపోయింది, పాలవాడు వచ్చాడు, లైనులో అలవాటు కొద్దీ జనం నిలబడ్డారు. వదిన గద్దె మీద కూర్చుని ఉంది. అతను కవరు చింపి, రిపోర్టు మారిందని, మందు మారుతుందని గొణిగాడు. స్త్రీల సమాజం పెద్దావిడ తన గడపలోంచి, “ఇనవడలే సార్” అంది. ఎగతాళికో, నిజంగా వినపడకో నాకు తెలియదు.

“ఈమె మాత్రలన్నీ మింగింది” అన్నాడు గట్టిగా. “తప్పు ఈమెది కాదు. మిషినుది.”

“మిషినుది కాదు, మనది” అన్నాను నేను. “మా ల్యాబుది. చూడకుంట లేదని రాసినం. మీరు అడగకుంట చదివిండ్రు.”

మోరీ కెలికినామె పాల ప్యాకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కరైనా గద్దె దాకా వచ్చి వదినతో ఒక మాట అంటారని చూశాను. రాలేదు. వదిన మాత్రం మమ్మల్ని ఎవరినీ చూడటం లేదు. కొత్త మాత్రలు చేతిలో పోసుకుని, నీళ్ళ చెంబు ఎత్తి, ఒక్కొక్కటే మింగింది. చెంబు పక్కన పెట్టింది.

తర్వాత, ఎవరూ అడగలేదు, నోరు తెరిచి లైను వైపు తిరిగి నాలుక ఎత్తింది.

“దించు వదినా” అన్నాను. దించలేదు. సూపర్‌వైజరు తల పక్కకు తిప్పుకున్నాడు. అతను బండి స్టార్టు చేసి మలుపు తిరిగేదాకా ఆమె అలాగే నోరు తెరుచుకుని కూర్చుంది.